రూత్ మేడం చూసిన చెయ్యి

ఎల్లారెడ్డిలో నేను అద్దెకుంటున్న ఇంటి ముందు మురుగు పారే మోరీ ఉంది. వాన వెలిసిన మర్నాడు మున్సిపాలిటీ వాళ్ళు వచ్చి దాని పొడవునా బ్లీచింగ్ పౌడర్ చల్లి వెళ్తారు. వీధిలో అందరూ కొంగులు, రుమాళ్ళు ముక్కుకు అడ్డం పెట్టుకుంటే నేను మాత్రం గుమ్మంలో నిలబడి ఆ వాసన గుండెల నిండా పీలుస్తాను. పక్కింటి అనసూయక్క ఒకసారి చూసి, "గా కంపుల ఏం సుకమున్నది టీచరమ్మా, లోపలికి పో" అని మందలించింది. నాకది మోరీ వాసన కాదని, పంతొమ్మిదో ఏట నేను దూకిన ఈతకొలను వాసన అని ఆమెకు ఎలా చెప్పను? ఆ వాసన తగిలితే నా అరికాళ్ళు చల్లబడతాయి. వెనకే రూత్ మేడం గుర్తొస్తుంది. ఆమె గుర్తొచ్చిందంటే ఆ రోజంతా నా మనసు ఒక చోట ఉండదు. ఆమెను ప్రేమగా తలుచుకోవాలో, కోపంగా తలుచుకోవాలో ఇన్నేళ్ళయినా నాకు తేలలేదు. మేడం పోయి రెండేళ్ళయింది కాబట్టి ఇక అడిగి తేల్చుకునే వీలు కూడా లేదు. అందుకే రాస్తున్నాను. రాస్తే తేలుతుందన్న నమ్మకం ఉండి మాత్రం కాదు.

మీరు ఆమెను చూడలేదు. పొట్టి మనిషి, వెడల్పాటి భుజాలు. జాకెట్టు కుట్టే దర్జీ ప్రతిసారీ కొలత తప్పు పడిందేమోనని రెండోసారి టేపు పెట్టేవాడని ఆమే నవ్వుతూ చెప్పేది. ఎల్లారెడ్డి దగ్గరి పల్లెలో కూలీల ఇంట్లో పుట్టింది. తండ్రి పోచారం కాలువలో పూడిక తీసే పనికి వెళ్తే వెంట వెళ్ళి ఆ కాలువలోనే ఈత నేర్చుకుంది. ఎవరో డ్రిల్లు సార్ కంట్లో పడి పట్నంలో స్పోర్ట్స్ హాస్టల్లో చేరింది. పదేళ్ళు గడిచేసరికి విమానమెక్కి, దేశం పేరున్న టోపీ పెట్టుకుని, పరాయి దేశంలో వెల్లకిల ఈత పోటీలో దిగింది. ఆ తర్వాత ఆమెకు దొరికిన ఉద్యోగం కామారెడ్డిలో మా ఆడపిల్లల డిగ్రీ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్. మా కాలేజీలో ఒక ఖోఖో కోర్టు, స్టోర్ రూములో గాలి పోయిన రెండు వాలీబాల్స్ ఉండేవి. నీళ్ళంటే తాగే నీళ్ళే, అవీ మధ్యాహ్నానికి అయిపోయేవి. దేశం తరఫున ఈదిన మనిషి పరీక్షలప్పుడు గేటు దగ్గర నిలబడి మా హాల్‌టికెట్లు చూసేది.

మేము ఫస్టియర్‌లో ఉండగా ఒక రోజు గ్రౌండులో అందరినీ నిలబెట్టి, "ఈత ఎవరెవరికొస్తదే?" అని అడిగింది. ముగ్గురం చేతులెత్తాం. నాది తాడ్వాయి పక్క పల్లె. నాకు ఏడేళ్ళప్పుడు మా బాపు ఖాళీ నూనె డబ్బా వీపుకు కట్టి బావిలోకి తోసేశాడు, అదే నా చదువు. మేడం మా ముగ్గురినీ వెంటపెట్టుకుని ప్రిన్సిపాల్ సార్ గదిలోకి వెళ్ళింది. ఆయన తల పట్టుకున్నాడు. "నీళ్ళు లేని కాలేజీకి ఈత టీమేంది మేడం? నలుగురు వింటె నవ్వుతరు." మేడం ఏమీ అనుకోలేదు. "నీళ్ళు నేను చూసుకుంట సార్. మీరు సంతకం పెట్టుండ్రి సాలు" అంది.

ఆమె చూసుకున్న నీళ్ళు బాపురెడ్డి పటేలు వ్యవసాయ బావిలోవి. ఊరి బయట వరి పొలాల నడుమ రాయి కట్టిన చదరపు బావి, ఒక పక్క మెట్లు, ఇంకో పక్క మోటరు పైపు. పటేలు మంచి మనిషే. "ఆడివిల్లలు మా బాయిల ఈత కొడ్తె నాకేం నష్టమమ్మా? ఒక్కటే మాట. త్రీ ఫేజ్ కరెంటు ఎప్పుడొస్తదో ఆ దేవునికే ఎర్క. మోటరు సప్పుడైందంటె అందరు బయటికి రావాలె" అన్నాడు. అలా మా ప్రాక్టీసు కరెంటును బట్టి నడిచేది. కరెంటు లేదంటే ఊరంతా తిట్టుకునేది, మేము మాత్రం సంబరంగా బావికి పరుగెత్తేవాళ్ళం.

మేడం ఒకే ఒక్కసారి మాతో పాటు బావిలోకి దిగింది. మేమే బతిమాలాం, ఒక్కసారి మీ ఈత చూపించండి మేడం అని. పంజాబీ డ్రెస్ మీదే దిగి, వెల్లకిలా తిరిగి, చేయి వెనక్కి వేసింది. నీళ్ళు చీలిన చప్పుడు కూడా రాలేదు. రెండో బార, మూడో బార వేసేసరికి తల అవతలి గోడకు తగలబోయి ఆగిపోయింది. బావి అంతే మరి. మేము కడుపు పట్టుకుని నవ్వాం. ఆమె కూడా నవ్వింది గానీ మెట్లెక్కి వచ్చి చాలాసేపు ఆ నీళ్ళ వైపే చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు అడిగినా దిగలేదు. అప్పుడు మాకది నవ్వులాటే. ఇప్పుడు తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

నాకు ఆమె కప్ప ఈత ఇచ్చింది. అందులో ఒక నియమం ఉంది. గోడ దగ్గర తిరిగేటప్పుడూ, చివరన ముగించేటప్పుడూ రెండు చేతులూ ఒకేసారి గోడకు తాకాలి. ఒక్క చెయ్యి ముందు తాకితే ఎంత బాగా ఈదినా లెక్కలోకి రాదు. బావిలో ఈత నేర్చుకున్న వాళ్ళకు ఇది ప్రాణసంకటం. బావి గోడ రాళ్ళు గరుకుగా ఉంటాయి, నాచు పట్టి ఉంటాయి. అక్కడికి చేరగానే ఒక చేత్తో పొడుచుకొచ్చిన రాయిని పట్టుకుని, రెండో చెయ్యి నీళ్ళలోనే ఉంచి ఒళ్ళు నిలుపుకోవడం మాకు అలవాటు. రెండు చేతులూ చాపామా, వేళ్ళ కణుపులు దోక్కుపోతాయి. మేడం మెట్ల మీద కూర్చుని, "ఒక్క చెయ్యి! మల్ల ఒక్క చెయ్యి! అది బాయి గోడ కాదే, అద్దమనుకో!" అని అరిచేది. నా ఎడమ చెయ్యి ముందు వెళ్ళేది, కుడిది చుట్టపుచూపుకొచ్చినట్టు తీరిగ్గా వచ్చేది. చివరికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది. కాలేజీలో గానీ ఇంట్లో గానీ మేము ఏ తలుపైనా రెండు చేతులతోనే తోయాలి. మేము ముగ్గురం క్లాసు తలుపును రెండు అరచేతులతో తోసుకుంటూ లోపలికొస్తుంటే లెక్చరర్లు పాఠం ఆపి నవ్వేవాళ్ళు. మా అమ్మ, మేం అవ్వ అంటాం, బీడీలు చుడుతూ చుడుతూ తలెత్తి, "గా తలుపు మీద ఏం పగబట్టినవే?" అనేది.

సెకండియర్‌లో పట్నంలో పెద్ద కొలనులో పోటీ. యూనివర్సిటీ జట్టుకు ఎంపిక. వంద మీటర్లు, అంటే అవతలి గోడ దాకా ఒకసారి పోయి రావడం. మొదటి ఇద్దరికి జట్టులో చోటు. ఆ జట్టులో ఆడిన సర్టిఫికెట్ ఉంటే ఆటల కోటాలో పోలీసు ఉద్యోగానికి దారి దొరుకుతుందని మేడమే మా బాపుకు చెప్పింది. ఆయన ఆగుతాడా? ఊళ్ళో హోటల్ కాడ, మంగలి షాపు కాడ, "నా బిడ్డ పోలీసైతది" అని ముందే చాటింపు వేసుకొచ్చాడు. మాకు భూమి లేదు. అవ్వ బీడీలు, బాపు కూలి. ఆ వంద మీటర్ల మీద ఇంటిల్లిపాదీ ఆశ పెట్టుకున్నారు.

నాది ఐదో లేన్. దూకాను, ఈదాను, తిరిగాను, వచ్చాను. నాకు గుర్తున్నది అంతే. గోడ తాకి తలెత్తి చూస్తే నాకంటే ముందు ఒకే ఒక్క పిల్ల ఉంది. రెండో స్థానం! నీళ్ళలోనే గట్టిగా అరిచాను. పైకి వచ్చి ఒళ్ళు తుడుచుకుంటుండగా మేడం కొలను అంచున నడుచుకుంటూ రిఫరీ దగ్గరికి వెళ్ళడం కనిపించింది. నా గురించి గొప్పగా చెప్పడానికి వెళ్తోందనుకుని నేనూ వెనకే వెళ్ళాను. ఆమె గొంతు నాకు స్పష్టంగా వినిపించింది. "ఐదో లేన్ పిల్ల మలుపు కాడ ఒక్క చెయ్యే పెట్టింది సార్. నేను చూసిన."

రిఫరీ విస్తుపోయాడు. "మా జడ్జి ఏం చెప్పలే గదమ్మా. అయినా ఆ పిల్ల మీ పిల్లే గద?"

"నా పిల్లే సార్."

మలుపు దగ్గర కూర్చున్న జడ్జిని పిలిచి అడిగారు. ఆయన బుర్ర గోక్కుని, సరిగ్గా గమనించలేదని, కోచ్ మేడమే అంటున్నారు కాబట్టి అయ్యే ఉంటుందని చెప్పాడు. కాగితం మీద నా పేరు కొట్టేశారు. మూడో స్థానంలో వచ్చిన పిల్ల రెండో స్థానానికి జరిగింది. వాళ్ళ కాలేజీ పిల్లలు ఈలలు వేశారు. నేను తువ్వాలు పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏడుపు కూడా రాలేదు, ఏం జరిగిందో అర్థమైతే కదా ఏడవడానికి.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో మేడం నా పక్కనే కూర్చుంది. దారిలో ఉడకబెట్టిన పల్లీలు కొని పొట్లం నా ఒళ్ళో పెట్టి, "తిను" అంది. తినకూడదనుకున్నాను. కానీ విపరీతమైన ఆకలి. సగం పొట్లం తిన్నాక నా మీద నాకే అసహ్యం వేసింది. అప్పుడు అడిగాను. "మేడం, నేను నిజంగ ఒక్క చెయ్యే పెట్టిననా?"

ఆమె నా వైపు తిరిగి, "నీకు తెల్వదా?" అంది.

"తెల్వదు మేడం."

ఆమె ముఖంలో ఏదో మారింది. అది జాలో, భయమో, ఇప్పటికీ చెప్పలేను. కామారెడ్డి వచ్చేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

ఇంట్లో రెండు కోర్టులు నడిచాయి. "పరాయోళ్ళు చెప్పలే గద. సొంత మేడమే చెప్పిందంటె నిజమే అయ్యుంటది" అన్నాడు బాపు. అవ్వ బీడీల చాట పక్కకు నెట్టి, "నిజమైతె మాత్రం చెప్పాలెనా? ఎవ్వలడిగిండ్రు ఆమెను? కన్నతల్లి గట్ల జేస్తదా?" అంది. ఇద్దరూ నా వైపు చూశారు, నేనేదో తీర్పు చెప్తానన్నట్టు. బాపు మాట వింటే బాపుదే న్యాయమనిపించింది, అవ్వ మాట వింటే అవ్వదే. నా చేతులేమో నాకు సాక్ష్యం చెప్పడం లేదు. కళ్ళు మూసుకుంటే పచ్చటి నీళ్ళు, తెల్లటి గోడ, అంతే.

ఇరవై రోజులు బావి వైపు వెళ్ళలేదు. ఆమె కబురు పెట్టలేదు. ఇరవై ఒకటో రోజు నేనే వెళ్ళాను. నీళ్ళు కావాలనిపించింది, వెళ్ళాను. మెట్ల మీద కూర్చున్న మేడం గడియారం చూసుకుని, "ఆలిశమైంది, దిగు" అంది. క్షమాపణ లేదు, ఓదార్పు లేదు. మరుసటి ఏడు మళ్ళీ పట్నం వెళ్ళాను. రెండు చేతులూ అతికించినట్టు తాకాయి, నాలుగో స్థానం వచ్చింది. ఆ గోడ దగ్గర జాగ్రత్త పడుతూ పడుతూ క్షణాలు పోగొట్టుకున్నానని మేడమే చెప్పింది. పోలీసు మాట ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. డిగ్రీ అయ్యాక వ్యాయామ విద్య కోర్సుకు ఫారం తెచ్చింది ఆమె, నింపింది ఆమె, ప్రవేశ పరీక్షకు నన్ను పొద్దున్నే లేపి పరుగెత్తించింది ఆమె. ఈ రోజు నేను ఎల్లారెడ్డి కాలేజీలో విజిల్ ఊదుతూ అన్నం తింటున్నానంటే ఆమె వల్లే. నా దారి మూసింది ఆమే, తెరిచింది ఆమే. ఇందులో ఏది ముందు రాయాలి, ఏది తర్వాత రాయాలి?

కోర్సులో ఉండగా తోటి అమ్మాయి ఒకతె ఇంకో పుల్ల వేసింది. "ఆనాడు నీ జాగల పోయిన పిల్ల కోచ్ ఎవరనుకున్నవ్? మీ మేడం హాస్టల్ దోస్తే. ఒక్క కంచంల తిన్నోళ్ళు." ఆ మాట విన్నాక వారం రోజులు నిద్ర పట్టలేదు. నమ్మలేదు. నమ్మకుండానూ ఉండలేకపోయాను. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. మేడంకు దూరపు చూపుకు కళ్ళద్దాలు ఉండేవి. కొలను దగ్గర తుంపర పడుతుందని తరచుగా తీసి బ్యాగులో పెట్టేది. ఆ రోజు పెట్టుకుందా, తీసేసిందా? ఎంత తల బద్దలు కొట్టుకున్నా గుర్తు రాలేదు.

రిటైరయ్యాక మేడం ఎల్లారెడ్డికి వచ్చి రెండు గదుల ఇంట్లో ఒంటరిగా ఉండేది. ఆదివారం చర్చి నుంచి ఆమె వచ్చే వేళకు నేను వెళ్ళేదాన్ని. ఇద్దరం కలిసి వంట చేసుకునేవాళ్ళం. ఒక ఆదివారం ఉల్లిగడ్డ కోస్తూ, కళ్ళు ఎలాగూ మండుతున్నాయి కాబట్టి, ధైర్యం చేసి అడిగేశాను. "మేడం, ఆనాడు మీరు నిజంగ చూసిన్రా?"

ఏ నాడని ఆమె అడగలేదు. గరిటె పక్కన పెట్టి స్టూలు మీద కూర్చుంది. "అప్పుడు కనవడ్డది బిడ్డా. కనవడ్డంక చెప్పకుంట ఎట్లుంట? చెప్పిన. బస్సుల నువ్వు తెల్వదన్నవ్ సూడు, గప్పటి సంది నాకు గాబరా. ఇప్పుడు కండ్లు మూసుకుంటె ఒకపారి ఒక్క చెయ్యి కనవడ్తది, ఒకపారి రెండు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "అది నా జిందగీ మేడం!" అని అరిచాను. ఆమె మీద గొంతు లేపడం అదే మొదలు, అదే చివర.

"ఎర్కే" అంది మెల్లగా. లేచి వంటింటి గట్టు చూపించి, "కండ్లు మూసుకో. ఈతల ఉన్నవనుకో. గోడ వచ్చింది. తాకు" అంది. కళ్ళు మూసుకుని చేతులు చాపాను. రెండు అరచేతులూ ఒక్కసారే గట్టుకు తగిలాయి. కళ్ళు తెరిచి ఆశగా చూశాను. ఆమె తల అడ్డంగా ఊపింది. "గిప్పుడు రెండే వస్తయి. ఆ తర్వాత నేను నేర్పినయే గద అవి. ఆనాటి చేతులు యాడికెల్లి తెస్తం?" ఆమె నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు. కూర మాడిన వాసన వస్తే నేను లేచి పొయ్యి ఆపాను. ఆ సంగతి మేము మళ్ళీ మాట్లాడుకోలేదు. ఆమె పోయిన రోజున అందరికంటే ఎక్కువగా ఏడ్చింది నేనే. ఏ రూత్ మేడం కోసం ఏడ్చానో నాకే తెలియదు.

పోయిన నెల కామారెడ్డిలో కాలేజీల పోటీ జరిగింది. ఇప్పుడు అక్కడ బైపాస్ పక్కన చిన్న ఈతకొలను ఉంది. నా విద్యార్థిని సావిత్రి బిచ్కుంద వైపు పిల్ల. ఇంట్లో మరాఠీ, బయట తెలుగు, తల్లి కూలి మీద చదువు. రెండేళ్ళుగా దానికి కప్ప ఈత నేర్పుతున్నాను. గోడ దగ్గర దాని కుడి చెయ్యి వెనకబడుతుంది, ఎంత చెప్పినా అలసిపోతే మళ్ళీ అదే. ఆ రోజు జడ్జీలు చాలక కోచ్‌లనే తలా ఒక లేన్ దగ్గర మలుపు చూడమన్నారు. నాకు వచ్చింది మూడో లేన్. అందులో ఉన్నది సావిత్రే. మార్చమని అడగొచ్చు. అడగలేదు. చివరి మలుపుకు అది రెండో స్థానంలో వస్తోంది, బాగా అలసిపోయింది, భుజాలు ఒరిగిపోతున్నాయి. ఇంకో మూడు బారల్లో గోడ.

నేను కాలికేదో గుచ్చుకున్నట్టు వంగాను. ఏమీ గుచ్చుకోలేదు. తలెత్తేసరికి అది తిరిగి వెళ్ళిపోతోంది.

"మూడో లేన్ మేడం?" అని రిఫరీ దూరం నుంచి అడిగాడు. బాగానే ఉందని చెయ్యి ఊపాను. సావిత్రి జట్టులోకి ఎంపికైంది. నీళ్ళు కారుతూ పరుగెత్తుకొచ్చి నా రెండు చేతులూ పట్టేసుకుంది. "మేడం, నాకేం యాదికి లేదు మేడం. రెండు చేతులు ఒక్కసారే తాకినయా? మీరు చూసిన్రు గద?"

"చూసిన బిడ్డా. రెండూ తాకినయ్" అన్నాను.

రూత్ మేడం ఆ రోజు నిజం చెప్పిందో, పొరబడిందో నాకు ఎప్పటికీ తెలియదు. ఆమె మాత్రం కళ్ళు తెరుచుకునే నిలబడింది. నేను చెప్పింది అబద్ధమని నాకు తెలుసు. ఆ పిల్ల వాళ్ళమ్మకు ఫోన్ చేసి, మా మేడం దగ్గరుండి చూసిందని మురిసిపోతూ చెప్తుంటే పక్కనే నిలబడి విన్నాను.